జెట్ ఒప్పందం ముగిసే ముందు కెరీర్ సదస్సుకు వెళ్లేవారికి

జపాన్ బడుల్లో ఆంగ్ల బోధనకు తోడ్పడేందుకు జెట్ పథకం కింద వెళ్లిన విదేశీ ఉపాధ్యాయులు, ఏటా ఒప్పందాన్ని పునరుద్ధరించుకుంటూ పోయినా, ఐదేళ్లకు మించి ఆ కొలువులో ఉండలేరు. 1987లో మొదలైన ఈ పథకం నిర్వహణలో ప్రధాన పాత్ర వహించే క్లెయిర్ సంస్థ, ఒప్పందం ముగించుకుని వెళ్లేవారి కోసం ‘ఆఫ్టర్ జెట్ కాన్ఫరెన్స్’ పేరిట ఒక సదస్సును నిర్వహిస్తూ వచ్చింది. కొన్నేళ్లు యోకొహామాలోనూ, కొన్నేళ్లు ఆన్‌లైన్‌లోనూ ఇది జరిగింది. తేదీలు, వేదిక ఏటా మారుతుంటాయి కనుక ప్రకటన వెలువడగానే చూసుకోవాలి.

సదస్సు సాధారణంగా శీతాకాలం చివర వస్తుంది. ఒప్పందాలు ఎక్కువగా జూలై చివరనో ఆగస్టు మొదటనో ముగుస్తాయి కాబట్టి చేతిలో ఐదారు నెలలు మిగులుతాయి. అయితే జపాన్‌లో విద్యాసంవత్సరం మార్చిలో ముగిసి ఏప్రిల్‌లో మొదలవుతుంది. పరీక్షలు, పట్టాల ప్రదానంతో బడి ఊపిరాడకుండా ఉండే రోజులవి. అందుకే మీ పర్యవేక్షకునితోనూ, ఉప ప్రధానోపాధ్యాయునితోనూ ముందుగా మాట్లాడి, ఆ రోజుల్లో మీ తరగతులు ఎవరు చూసుకుంటారో తేల్చుకున్న తర్వాతే అనుమతి అడగడం మర్యాద.

ఇక అసలు విషయం. సదస్సుకు వెళ్లేవారిలో ఎక్కువమంది రెజ్యుమె అచ్చు వేయించుకుని వెళతారు గానీ, తమ పని గురించి నోటితో చెప్పడం సాధన చేయరు. నేను మొదటిసారి ఉద్యోగ మేళాలో నిలబడినప్పుడు, బల్లకు అవతల ఉన్న ఉద్యోగి ‘మీరు అక్కడ ఏం చేసేవారు?’ అని అడిగారు. ‘సహాయ భాషా ఉపాధ్యాయునిగా పనిచేశాను’ అన్నాను. ఆయన మర్యాదగా తలూపి, తర్వాతి వ్యక్తి వైపు చూశారు. మన కొలువు పేరు బడి గోడలు దాటితే ఎవరికీ ఏమీ చెప్పదని ఆ క్షణంలో నాకు అర్థమైంది. ఎన్ని బడుల్లో, ఏ తరగతులకు, వారానికి ఎన్ని పాఠాలు చెప్పారో, ఆంగ్లం అంతగా రాని తోటి ఉపాధ్యాయులతో కలిసి పాఠ్యప్రణాళిక ఎలా తయారుచేశారో, వక్తృత్వ పోటీకి ఒక పిల్లను ఎలా సిద్ధం చేశారో నాలుగు వాక్యాల్లో చెప్పగలిగితే, ఎదుటివారు తమ సంస్థలో మీకు ఏ పని ఇవ్వవచ్చో ఊహించుకోగలరు. ఈ నాలుగు వాక్యాలను ఆంగ్లంలోనూ, వచ్చినంత మేరకు జపనీస్‌లోనూ బిగ్గరగా పలికి చూసుకోండి.

మేషీ, అంటే పరిచయ కార్డు, తప్పక తీసుకువెళ్లండి. రెండు చేతులతో ఇచ్చి, రెండు చేతులతో అందుకుని, ఒక్క క్షణం చదివి బల్ల మీద ఉంచాలి. వారి ఎదుటే దానిపై ఏమీ రాయకూడదు. తిరుగు రైలులో కూర్చున్నాక, ఎవరితో ఏం మాట్లాడారో నోటు పుస్తకంలో రాసుకోండి. పూర్వ సభ్యుల సంఘమైన జెటా ప్రతినిధులు కనిపిస్తే వారితో ఎక్కువసేపు గడపండి. వారు ఒకనాడు ‘జెట్ తర్వాత ఏమిటి?’ అనే ఇదే ప్రశ్నతో నిలబడినవారే గనుక వారి సలహాలో అనుభవం ఉంటుంది.

జపాన్‌లోనే ఉండి సంస్థలో చేరాలనుకునేవారు నివాస హోదా, అంటే దేశంలో ఉండి ఏ పని చేయవచ్చో తెలిపే అనుమతి, గురించి తప్పక అడగాలి. బడి ఉద్యోగానికి ఇచ్చే ‘క్యోయికు’ (విద్యాబోధన) హోదాతో సాధారణంగా కంపెనీ ఉద్యోగం చేయడానికి వీలుండదు, హోదా మార్చుకోవాలి. ఒప్పందం ముగిసిన 14 రోజుల్లోగా ఇమ్మిగ్రేషన్ శాఖకు తెలియజేయడం కూడా బాధ్యతే.

స్వదేశానికి మరలేవారు మాత్రం పింఛను, పన్నుల సమాచారాన్ని శ్రద్ధగా వినాలి. కనీసం 6 నెలలు పింఛను చందా కట్టి, చందా కాలం పదేళ్లు నిండకుండా దేశం వదిలినవారు, వెళ్లిన 2 ఏళ్లలోగా ఏకమొత్తంలో కొంత సొమ్ము వెనక్కి కోరవచ్చు. ఉద్యోగుల పింఛను కింద వచ్చే ఆ ఏకమొత్తంలో 20.42 శాతం పన్నుగా కోసుకుంటారు. దానిని తిరిగి పొందాలంటే జపాన్‌లో పన్ను ప్రతినిధి ఒకరు కావాలి, వారిని బయలుదేరే ముందే నియమించుకోవడం సులువు. భారతీయులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. భారత్–జపాన్ సాంఘిక భద్రతా ఒప్పందం 2016 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది కనుక, రెండు దేశాల్లో చందా కట్టిన కాలాన్ని అర్హత కోసం కలిపి లెక్కిస్తారు. ఏకమొత్తం తీసుకుంటే ఆ జపాన్ కాలం లెక్కలోంచి పోతుంది. స్థానిక సంస్థలకు కట్టే నివాస పన్ను నిరుటి ఆదాయంపై ఉంటుంది కాబట్టి, జూలైలో వెళ్లేవారికి కూడా బాకీ మిగులుతుంది. దానికీ డబ్బు పక్కన పెట్టుకోండి.

తెలుగువారైతే తిరుపతి జిల్లా శ్రీసిటీని గుర్తుంచుకోండి. ఇసుజు, డైకిన్, కోబెల్కో వంటి జపాన్ సంస్థల కర్మాగారాలు అక్కడ ఉన్నాయి. బడిలో నేర్చుకున్న జపనీస్‌కు అక్కడ పని దొరుకుతుందా అని అడగడానికి సంకోచించనక్కర లేదు. జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్2 (పై నుంచి రెండో) స్థాయి ధ్రువపత్రం చేతిలో ఉంటే మాట మరింత గట్టిగా చెప్పవచ్చు. ఆ పరీక్ష జపాన్‌లో జూలై, డిసెంబరు నెలల్లో జరుగుతుంది కాబట్టి, సదస్సు నుంచి తిరిగి వచ్చిన వారంలోనే జూలై పరీక్ష దరఖాస్తు గడువు చూసుకుని, మేషీ ఇచ్చినవారికి రెండు రోజుల్లోగా కృతజ్ఞతల ఉత్తరం పంపండి.