మెడ రక్తనాళం సన్నబడితే: ఆపరేషన్‌కు ముందూ తర్వాతా చూసుకోవాల్సినవి

మన ఇళ్లలో "మెడ నరాలు మూసుకుపోయాయి" అంటారు. అవి నరాలు కావు, మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనులు. దవడ కింద, నాళం రెండుగా చీలే చోట కొవ్వూ సున్నమూ పేరుకుంటాయి. అందులోంచి చిన్న ముక్క ఊడి పైకి కొట్టుకుపోతే పక్షవాతం వస్తుంది. పేరుకున్నదాన్ని తీసేసే ఈ ఆపరేషన్ (కెరోటిడ్ ఎండార్టెరెక్టమీ) రాబోయే పక్షవాతాన్ని ఆపడానికే, వచ్చేసినదాన్ని నయం చేయడానికి కాదు.

పది నిమిషాలు మూతి వంకరపోయి, చేయి పట్టుతప్పి, మాట ముద్దగా వచ్చినా, ఒక కంటికి తెర దించినట్టయినా, ఆ తర్వాత అంతా సర్దుకున్నా "వేడి చేసిందిలే, మజ్జిగ తాగు" అని వదిలేయకండి. అది మినీ స్ట్రోక్, అంటే వచ్చిపోయే పక్షవాతం. లక్షణాలు ఇంకా ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. తగ్గిపోయినా ఆ రోజే న్యూరాలజీ, వాస్క్యులర్ సర్జరీ (రక్తనాళాల ఆపరేషన్లు చేసే విభాగం) రెండూ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. పంజాగుట్ట నిమ్స్‌లో రెండూ ఉన్నాయి. ముందు మెడకు డాప్లర్ (రక్తం పారే తీరు చూసే స్కాన్), ఆపైన సీటీ యాంజియో (రక్తనాళాల సీటీ స్కాన్) చేస్తారు. ఆపరేషన్‌తో ఎక్కువ మేలు మొదటి రెండు వారాల్లోనే. మూఢం వెళ్లాక చూద్దాం అనుకుంటే ఆ మేలు చేజారుతుంది.

రిపోర్టులో రెండు సంగతులు చూడండి. ఒకటి, ఏ పక్క: కుడి చేయి పట్టుతప్పితే చూడాల్సింది ఎడమ ధమని. రెండు, ఎంత శాతం. లక్షణాలు వచ్చి, 70 నుంచి 99 శాతం సన్నబడినవాళ్లకే లాభం ఎక్కువ. 1991లో వెలువడిన నాసెట్ అధ్యయనంలో, ఇలాంటివాళ్లలో రెండేళ్లలో అదే పక్క స్ట్రోక్ మందులతోనే ఉన్నవాళ్లకు నూటికి 26 మందికి వస్తే, ఆపరేషన్ అయినవాళ్లకు 9 మందికి వచ్చింది. సన్నబడింది 50 శాతం లోపుంటే మందులే. పూర్తిగా మూసుకుపోతే సాధారణంగా కోయరు.

సర్జన్‌ని మొహమాటం లేకుండా అడగండి: "మీ చేతిలో నూటికి ఎంతమందికి స్ట్రోక్ గానీ ప్రాణాపాయం గానీ జరిగింది?" లక్షణాలున్నవాళ్లలో 6 లోపు, లేనివాళ్లలో 3 లోపు ఉండాలి. అంతకు మించితే ఆపరేషన్‌కు అర్థం లేదు.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్‌ని సొంతంగా ఆపేయకండి, మామూలుగా దాన్ని కొనసాగిస్తారు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ కూడా అంతే. మిగతా బ్లడ్ థిన్నర్ల సంగతి డాక్టరే చెప్పాలి.

థియేటర్‌లో మెడ పక్కన నిలువుగా కోసి, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చి, అక్కడ రక్తం ఆగేలా నాళానికి క్లాంపులు వేస్తారు. పేరుకున్న పసుపుపచ్చ పొరను లోపలి గోడనుంచి ఒలిచి, నాళం మళ్లీ ఇరుకవకుండా ప్యాచ్ వేసి కుడతారు. మెడకు మాత్రమే మత్తిస్తే మనిషి మెలకువగానే ఉంటాడు. అప్పుడు ఆపరేషన్ జరిగే పక్క కాకుండా అవతలి చేతిలో నొక్కితే కీచుమనే బొమ్మ పెడతారు. నొక్కమన్నప్పుడు కీచు రాలేదంటే మెదడుకు రక్తం చాలడం లేదని, వెంటనే రక్తం పైకి వెళ్లేలా షంట్ అనే చిన్న గొట్టం పెడతారు.

మొదటి రోజు దగ్గరున్నవాళ్లు మెడనే కనిపెట్టుకుని ఉండాలి. వాపు పెరుగుతున్నా, ఊపిరాడకపోయినా నర్సును కేకేయండి. లోపల రక్తం గడ్డకట్టి గొంతును నొక్కుతోందేమో, కుట్లు అక్కడికక్కడే విప్పాల్సి రావచ్చు. గొంతు బొంగురుపోవడం, నాలుక ఒక పక్కకు లాగడం, పెదవి మూల జారడం మాత్రం నిజంగా నరాలకు సంబంధించినవే. చాలామందికి వారాల్లో, నెలల్లో సర్దుకుంటాయి.

ఇంటికొచ్చాక బీపీ రోజుకు రెండుసార్లు చూసి రాసుకోండి. అదే పక్క తలనొప్పి తీవ్రంగా వచ్చినా, ఫిట్స్ వచ్చినా అది ఎమర్జెన్సీ: ఇన్నాళ్లు రక్తం చాలని మెదడుమీదికి ఒక్కసారిగా ఉరవడి పెరిగింది. బీపీ అదుపులో లేనివాళ్లకే ఈ ముప్పు ఎక్కువ, కాబట్టి ఉప్పెక్కువుండే ఆవకాయా అప్పడాలూ పక్కనపెట్టండి. సిగరెట్, గుట్కా పూర్తిగా మానేయాలి.

దవడ కింద చర్మం కొన్నాళ్లు మొద్దుబారి ఉంటుంది, గడ్డం గీసుకునేటప్పుడు బ్లేడుకు తెగినా తెలియదు. ట్రిమ్మర్ వాడండి. క్షౌరశాలలో మెడ విరిపించుకోవద్దు. తర్వాత డాప్లర్‌కి వెళ్లినప్పుడు రెండు పక్కలా చూడమని అడగండి, రెండో నాళంలోనూ అలాగే కొవ్వు పేరుకుని ఉండొచ్చు.