పాత ట్రాక్టర్ రిమ్ముకు తుప్పు పడితే
గుణుపురం, కాశీనగరం వైపు వంశధార పక్క పొలాల్లో పాత ట్రాక్టర్లతో దమ్ము చేసేవాళ్లకు ఒక మాట. వెనక రిమ్ము పైకి బాగానే కనిపిస్తుంది, తుప్పు మాత్రం లోపల వాల్వు కన్నం చుట్టూ మొదలవుతుంది, బరువు కోసం టైర్లలో నీళ్లు నింపేవాళ్లకైతే ఇంకా ఎక్కువ, ఎందుకంటే ట్యూబు నుంచి కారిన నీరు అక్కడే నిలిచిపోతుంది. వాల్వు దగ్గర ఎర్రటి చార కనిపించిందా, నీళ్లూ గాలీ తీసేసి టైరు విప్పించండి.

సుత్తితో మెల్లగా కొట్టి చూడండి. ఖంగుమంటే ఇనుము గట్టిగా ఉన్నట్టు, మొద్దుగా పలికితే తుప్పు తినేసినట్టు. పైపై తుప్పయితే వైరు బ్రష్షుతో మెరిసేదాకా గీకి, రెడ్ ఆక్సైడ్ (తుప్పు పట్టకుండా పెయింటు కింద వేసే ఎర్ర రంగు) రెండు పూతలు వేసి, ఆరాక పెయింటు వేస్తే చాలు. ట్యూబు ఆనే చోట ఎమరీ కాగితంతో నున్నగా రుద్దాలి, లేకపోతే కొత్త ట్యూబు కూడా పంక్చరే.

కన్నం పడితే ముక్క వేసి వెల్డింగ్ చేయించవచ్చు. కానీ టైరు రిమ్ము మీద ఉండగా వెల్డింగ్ వద్దే వద్దు, గాలి తీసేసినా సరే, వేడికి లోపల పుట్టే ఆవిర్లు అంటుకుని టైరు పేలిపోతుంది, ప్రాణాలు పోతాయి. బోల్టు కన్నాల దగ్గర పగులుంటే మాత్రం అతుకులు పెట్టకండి, రిమ్మే మార్చేయండి.