ఆవిరి ఇంజన్ రైలు టూరుకు వెళ్తున్నారా? ముందు కిటికీ సంగతి చూడండి

బ్రిటన్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లను నాలుగైదు రోజుల స్టీమ్ రైలు టూరుకు తీసుకెళ్లాలనుకుంటే మంచి ఆలోచనే. ఉత్తర ఇంగ్లండ్‌లోని సెటిల్-కార్లైల్ లైన్‌లో రిబుల్‌హెడ్ వంతెన మీదుగా బొగ్గు ఇంజన్ లాగే రైల్లో వెళ్లడం నిజంగా గొప్ప అనుభవం. బయలుదేరేముందు మాత్రం ఇంట్లో అందరికీ కొన్ని విషయాలు గట్టిగా చెప్పాలి.

అన్నిటికన్నా ముఖ్యం కిటికీ. ఈ టూర్లలో ఎక్కువగా 1950, 60ల నాటి పెట్టెలే వాడతారు. వాటిలో కొన్నిట్లో తలుపుకున్న అద్దం కిందికి దించితే మనిషి నడుము దాకా బయటికి వంగొచ్చు. వాటికి మన రైళ్లలోలా ఊచలుండవు. మలుపులో ఇంజన్ కనపడగానే ఫోన్ పట్టుకుని వంగాలనిపిస్తుంది. వంగొద్దు. ఇక్కడ పట్టాల పక్కన ఖాళీ చాలా తక్కువ. 2016లో లండన్‌లోని బాలం దగ్గర ఒకరు సిగ్నల్ స్తంభం తగిలి, 2018లో బాత్ దగ్గర ఒకరు చెట్టుకొమ్మ తగిలి చనిపోయారు. రెండూ మామూలు రైళ్లే, ఇద్దరూ కిటికీలోంచి తల బయటపెట్టినవాళ్లే. వీడియో కావాలంటే తలా చెయ్యీ లోపలే ఉంచి తీయండి. పిల్లల్ని ఆ తలుపు దగ్గర ఒంటరిగా వదలొద్దు.

తెరిచిన కిటికీ దగ్గర నిలబడితే కంట్లో నలుసు పడటం ఖాయం. అది దుమ్ము కాదు, గరుకైన బొగ్గు రవ్వ. నలిపితే కంటి పైపొర గీసుకుపోతుంది. శుభ్రమైన నీళ్లతో కడగండి, పోకపోతే డాక్టరు దగ్గరికే. సాదా కళ్లద్దాలు పెట్టుకుంటే సగం బాధ తప్పుతుంది. కాంటాక్ట్ లెన్సులు ఆ రోజులకు మానేయండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇంజన్‌కు దూరంగా ఉండే పెట్టెలో సీటు అడగండి, ఇన్‌హేలర్ జేబులోనే ఉండాలి.

ఇంజన్‌లోకి నీళ్లు పట్టడానికి రైలు ఆగినప్పుడు అందరూ ఇంజన్ దగ్గరికి పరుగెడతారు. కదిలేముందు సిలిండర్ల పక్కనుంచి వేడి ఆవిరి, నీళ్లు ఒక్కసారిగా చిమ్ముతాయి. పసుపు గీత దాటకుండా చూడండి. ఇంజన్లు పాతవే గానీ దారి ఇప్పటిది: ప్రెస్టన్, కార్లైల్ లాంటి చోట్ల తలమీద 25,000 వోల్టుల తీగలుంటాయి, సెల్ఫీ స్టిక్ ఎత్తొద్దు. దక్షిణ ఇంగ్లండ్‌లో చాలాచోట్ల నేలమీది మూడో పట్టాలో 750 వోల్టులు. ఫోన్ పట్టాల మీద పడితే దిగొద్దు, స్టేషన్ సిబ్బందికి చెప్పండి.

ఇంజన్ తగిలించేటప్పుడు కూర్చునే ఉండండి. 2023 సెప్టెంబరులో స్కాట్లండ్‌లోని ఆవిమోర్‌లో ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ ఇంజన్ ఆగివున్న పెట్టెలను గుద్దుకుంటే ఇద్దరిని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సొచ్చింది. చేతిలో వేడి టీ ఉంటే ఆ కాసేపు బల్లమీద కూడా పెట్టొద్దు, సిబ్బందికి ఇచ్చేయండి. రైలు పొడుగు, కొన్ని ప్లాట్‌ఫారాలు పొట్టి. సిబ్బంది చెప్పాకే తలుపు తీయాలి.

స్వెటర్, బీపీ, షుగర్ మందులు చేతిసంచీలో పెట్టుకోండి.

ఎండలు ముదిరి గడ్డి ఎండితే నిప్పురవ్వలకు మంటలు లేస్తాయని ఆవిరి ఇంజన్ తీసేసి డీజిల్ పెట్టేస్తుంటారు. అలా జరిగితే డబ్బు వెనక్కిస్తారా లేదా అన్నది బుక్ చేసేముందే రాతపూర్వకంగా అడగండి. ఆలస్యాలు కూడా మామూలే. పెద్దవాళ్ల తిరుగు విమానం టూరు ముగిసిన రాత్రికే పెట్టొద్దు, కనీసం ఒక రోజు మధ్యలో ఉంచండి.