ట్రెక్ కుకీలు బ్యాగులో పొడైపోతున్నాయా? ముందు నెయ్యి సంగతి చూడండి

రాత్రి ఓటీజీ (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) లోంచి తీసినప్పుడు బ్రహ్మాండంగా ఉంటాయి, మర్నాడు పదకొండింటికి సావనదుర్గ బండ మీద కూర్చుని డబ్బా మూత తీస్తే లోపల అంతా పొడి. బెంగళూరులో మన తెలుగు ట్రెక్కింగ్ బ్యాచ్‌లలో కుకీల మాట వస్తే ఎక్కువగా వినే గోల ఇదే. ఓట్స్, రాగిపిండి, బెల్లం, ఖర్జూరం కలిపి కుకీలు చెయ్యడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నా, రెసిపీ మొదట్నించీ చెప్పను.

కుకీలు పొడైపోతున్నాయి

ఇంకేదీ మార్చకముందు ఒక్క పని చెయ్యండి బాబూ. ఒక కుకీని స్టీలు డబ్బాలో వేసి మూతపెట్టి బాల్కనీలో ఎండ తగిలేచోట గంటసేపు ఉంచండి. వాన రోజైతే ఆ డబ్బాని గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో పెట్టండి, అదీ చాలు. తర్వాత డబ్బాని నాలుగుసార్లు గట్టిగా ఊపి మూత తియ్యండి. అది నిలబడితే బ్యాగులో కూడా నిలబడుద్ది. ఇంత తేలికైన పని ఎవరూ చెయ్యరు, వంటింట్లో ఫ్యాన్ కింద ఒకటి కొరికి చూసి సూపర్ అనేసి ప్యాక్ చేసేస్తారు.

ఎండలోనే ఎందుకంటే, అసలు దొంగ అక్కడే దొరుకుతాడు. మన ఊళ్ళో రాత్రుళ్ళు చల్లగా ఉంటాయి కదా, నెయ్యి గడ్డకట్టి కుకీని పట్టుకుని ఉంటది, మనమేమో పిండి బాగా కలిసింది కాబట్టే గట్టిగా ఉందనుకుంటాం. సున్నుండని ఎండలో పెడితే ఏమవుద్దో తెలుసు కదా, ఇదీ అంతే. బ్యాగులో వీపు వేడి తగిలి, పైనుంచి ఎండ కాసి నెయ్యి మెత్తబడగానే పట్టు వదిలేస్తుంది. నెయ్యి బదులు కొబ్బరి నూనె వేసేవాళ్ళకి ఇంకా కష్టం, అది 24 డిగ్రీల దగ్గరే కరుగుద్ది.

దీనికి చాలామంది చేసే వైద్యం ఏంటంటే, పోయినసారి విరిగాయి కదా అని ఈసారి ఇంకో రెండు గరిటెలు నెయ్యి పోస్తారు. పిడికిట్లో ముద్ద చక్కగా కడుతుంది కాబట్టి నమ్మకం కుదురుద్ది, బేక్ అయ్యాక రంగు కూడా బాగుంటది. కానీ నెయ్యి పిండి చుట్టూ పట్టేసి గోధుమపిండిలోని జిగురుని సాగనివ్వదు, బిస్కెట్ గుల్లగా రావాలంటే డాల్డా ఎక్కువ వేసేది అందుకే. అంటే ఎంత నెయ్యి పెంచితే అంత గుల్ల, ఎంత గుల్లయితే అంత పొడి, అది చూసి మళ్ళీ నెయ్యి పెంచుతారు.

నెయ్యేనా కాదా తేల్చుకోడానికి ఆ పొడిని వేళ్ళతో నలపండి. వేళ్ళు జిడ్డయి, కింద వేసిన బటర్ పేపర్ మీద మరక పడితే నెయ్యే. జిడ్డు లేకుండా దుమ్ములా రాలుతుంటే రాగిపిండి ఎక్కువైనట్టు, లేదా ఎక్కువసేపు కాలినట్టు. రాగికి గోధుమలాంటి జిగురు ఉండదు, అందుకే మొత్తం పొడి సరుకులో అయిదో వంతు దాటనివ్వను.

నేను వాడే లెక్క ఇది. 150 గ్రాముల ఓట్స్ (సగం మిక్సీలో ఒక్క తిప్పు), 50 రాగి, 50 గోధుమపిండి, వీటికి నెయ్యి 40, మహా అయితే 50 గ్రాములు. పట్టు రావాల్సింది బెల్లం నుంచి, ఖర్జూరం ముద్ద నుంచి. 120 గ్రాముల బెల్లాన్ని 30 మిల్లీలీటర్ల నీళ్ళలో కరిగించి వడకట్టి, మళ్ళీ పొయ్యి మీద పెట్టి, రెండు వేళ్ళ మధ్య అంటుకుంటూ ఇంకా తీగ రాని దశలో దించెయ్యాలి. అందులో 80 గ్రాముల ఖర్జూరం ముద్ద, 60 గ్రాముల వేయించిన పల్లీలు, అర చెంచా ఉప్పు. పొడి బెల్లం ప్యాకెట్ తెచ్చి అలాగే కలిపేస్తే ఈ పట్టు రాదు. కలిపాక అరగంట వదిలెయ్యండి, ఓట్స్ తడి పీల్చుకోవాలి, తర్వాత అరచేత్తో గట్టిగా నొక్కి అంచుల్లో పగుళ్ళు లేకుండా చూసుకుని 160 డిగ్రీల్లో 15 నుంచి 18 నిమిషాలు. సోడా వద్దు, పొంగితే లోపల ఖాళీలు ఏర్పడతాయి.

రాయిలా అయ్యాయి

పాకం ముదిరింది, అంతే. తీగ వచ్చేదాకా ఆగారు. ఇప్పటికే చేసినవాటికి వైద్యం లేదు, దంచి పాలల్లో వేసుకోండి.

మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోయాయి

వేడి తగ్గకముందే మూత పెట్టారు. జాలీ మీద కనీసం గంట ఆరాలి, అడుగు కూడా చల్లబడిందో లేదో ముట్టుకుని చూడండి. వానాకాలంలో ట్రెక్‌కి వెళ్తుంటే చల్లారాక కూడా బయట ఉంచకండి, బెల్లం గాల్లో తేమ లాగేస్తుంది. మధ్యలో బటర్ పేపర్ వేసి గాలి చొరని డబ్బాలో పెట్టండి.

బాగానే ఉన్నాయి, కానీ ఎక్కేటప్పుడు ఎవరూ తినట్లేదు

ఇది కుకీ తప్పు కాదు, సైజు తప్పు. అరచేయంత చేస్తే నోరు ఎండిపోయి సగం తిని బ్యాగులో పడేస్తారు. 40 గ్రాముల ముద్దలు చెయ్యండి. పైన చెప్పిన లెక్కలో ఒక్కోదాంట్లో సుమారు 22, 23 గ్రాముల కార్బ్స్ వస్తాయి, గంటల తరబడి నడిచేటప్పుడు గంటకి 30 నుంచి 60 గ్రాములు సరిపోతుంది కాబట్టి గంటకి రెండు, గుక్కెడు నీళ్ళతో. ఆకలేసేదాకా ఆగొద్దు. అవిసె గింజలు, తవుడు దండిగా వేసి హెల్తీ అనుకుంటే మాత్రం కొండ మీద కడుపు గొడవ పెడుతుంది, అక్కడ బాత్రూమ్ ఎక్కడుందో మీకు తెలుసు.

ఓటీజీ టెంపరేచర్ తప్పు చూపించడం, బెంగళూరు ఎత్తులో ఉండటం, ఓట్స్ బ్రాండ్, ఇవన్నీ కూడా అడుగుతుంటారు. ఓటీజీ మీద అనుమానముంటే థర్మామీటర్ పెట్టి చూసుకోండి, మిగతావి కుకీలకి లెక్కలోకి రావు. డబ్బాలో ఖాళీ మిగిలితే టిష్యూలు కుక్కండి, అటూఇటూ దొర్లకపోతే చాలు.