కొత్త హైడ్రాంజియా పుట్టించేవారికి: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సెమిలిగుడలో మా నర్సరీ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఘాటు దిగి జయపురం చేరేసరికి స్వెట్టరు విప్పాలి. బరంపురం వెళితే ఫ్యాను కిందికి చేరాలి. ఈ మూడు చోట్ల నుంచీ, అప్పుడప్పుడు పర్లాకిమిడి నుంచీ మనవాళ్లు ఫోను చేసి అడిగేది మాత్రం ఒక్కటే: "కొత్త రకం చేద్దామని రెండు మొక్కలు కలిపాను, కుదరలేదు. ఎక్కడ తప్పింది?" తప్పు చాలాసార్లు మొక్కల జాతకంలో ఉండదు. కుండీలోనో, పోసే నీళ్లలోనో, గోడ మీది క్యాలెండరులోనో ఉంటుంది. ఏ లక్షణం కనబడినా ముందు అక్కడ వెతకమంటాను.

పేర్ల గొడవ ఒకటి ముందే తీర్చుకుందాం. గుండ్రంగా బంతిలా పూసేదాన్ని బంతి రకం అందామంటే వచ్చినవాళ్లు బంతిపూల కోసం చూస్తారు. కాబట్టి దాన్ని గుత్తి రకం అంటాను. మధ్యలో పూసల్లాంటి చిన్న పూలు, అంచు చుట్టూ పెద్ద పూలు ఉండేది పళ్లెం రకం. మందారానికీ నందివర్ధనానికీ అన్నట్టే ఇక్కడా రేక పువ్వు, ముద్ద పువ్వు ఉన్నాయి. నేను చెప్పేదంతా మన తోటల్లో కనబడే పెద్దాకు హైడ్రాంజియా, అంటే హైడ్రాంజియా మాక్రోఫిల్లా గురించి. దాని పుట్టిల్లు జపాను.

"పుప్పొడి అద్దాను, కాయ కట్టలేదు"

ఏ పువ్వుకు అద్దారని ఎదురు అడుగుతాను. చాలామంది పెద్ద పువ్వుకే అంటారు. కంటికి ఇంపుగా ఉన్న ఆ నాలుగు రేకలు నిజానికి రేకలు కావు, రక్షక పత్రాలు. గింజ కోసం నమ్ముకోవలసినవి చిన్న పూలు. పళ్లెం రకంలో అవి నడుమ ఎదురుగానే ఉంటాయి. గుత్తి రకంలో పెద్ద పూలను వేళ్లతో తప్పించి కిందికి చూడాలి. జొన్నగింజంత మొగ్గలు కాడలను అంటిపెట్టుకుని కొన్నే కనబడతాయి. అందుకే వీలైనప్పుడల్లా పళ్లెం రకాన్ని తల్లిగా పెట్టుకుని, పుప్పొడి గుత్తి రకం నుంచి తెచ్చుకుంటాను.

రెండో కారణం ఆలస్యం. పువ్వు విచ్చుకున్నాక కేసరాలు, అంటే పుప్పొడి ఇచ్చే కాడలు, తీయడం దొంగలు పడ్డాక తలుపు వేయడం లాంటిది. మొగ్గ ఉబ్బి రంగు తిరిగినప్పుడే సన్నని పట్టకారుతో టోపీలా ఉన్న చిన్న రేకలను లాగేయాలి. లోపల ఎనిమిది నుంచి పది కేసరాలు, నడుమ సాధారణంగా మూడు పొట్టి కీలాలు (పుప్పొడి అద్దవలసిన ఆడ కాడలు) ఉంటాయి. కేసరాలన్నిటినీ గిల్లేయాలి, కీలానికి గాటు పడకూడదు. పాతిక మొగ్గలు చేసేసరికి మెడ పట్టేస్తుంది. అప్పుడు ఆపేసి, ఆ గుత్తిలో మిగిలిన చిన్న మొగ్గలన్నీ కత్తిరించి పారేయండి. ఒక్కటి వదిలినా తేనెటీగ దాన్నే వెతుక్కుంటుంది. పల్చని గుడ్డ సంచి కట్టి, ఒకటి రెండు రోజుల్లో కీలాల కొనలు తడిగా మెరిసినప్పుడు పుప్పొడి అద్దండి. మర్నాడు ఇంకోసారి అద్దితే నష్టం లేదు.

అన్నీ సరిగా చేసినా కాయ ఎండి రాలిపోతే మూడు అనుమానాలు ఉంటాయి. మొదటిది సొంత పుప్పొడి. చాలా రకాలు తమ పుప్పొడితో గింజను సరిగా పట్టవు. రెండు కుండీలు ఉన్నాయి కదా అంటారు. ఆ రెండూ ఒకే మొక్క కొమ్మల నుంచి వచ్చినవైతే అదీ సొంత పుప్పొడే. రెండోది క్రోమోజోముల లెక్క. మామూలు మొక్కలో అవి 36. కొన్ని తోట రకాల్లో 54 ఉంటాయి. అలాంటి మొక్క దిట్టంగా పెరుగుతుంది, బాగా పూస్తుంది, పుప్పొడి మాత్రం చాలావరకు తాలు. ఊళ్లో కాలేజీ ఉంటే బోటనీ మాస్టారిని అడిగి అసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూడండి. నిండుగా ఎర్రబడితే మంచి పుప్పొడి. ముడుచుకుని పాలిపోయి ఉంటే తండ్రిని మార్చుకోండి. మూడోది దూరపు చుట్టరికం. కోసుగా పూసే పానిక్యులేటా అనే మరో హైడ్రాంజియా జాతితో పెద్దాకును కలిపితే పిండం మొదలై మధ్యలోనే చస్తుంది. దాన్ని బయటకు తీసి కణజాల వర్ధన (టిష్యూ కల్చర్) గదిలో పెంచాలి. ఇంటి పెరట్లో సాధ్యమయ్యే పని కాదు. సెరాటా జాతి అయితే దగ్గరి బంధువు, సులువుగా కలుస్తుంది.

మన వైపు ఇంకొకటి ఉంది, కాలవైశాఖి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉన్నట్టుండి గాలివాన వచ్చి సంచీతో సహా గుత్తిని నేలకు కొడుతుంది, తడిసిన పువ్వుకు బూజు పడుతుంది. తల్లి మొక్కను కుండీలోనే పెంచి, అద్దకం రోజుల్లో వరండాలో ఉంచండి. తండ్రి ముందే పూసేస్తే పుప్పొడిని నీడలో ఆరబెట్టి కాగితంలో మడిచి, మందు సీసాల్లో వచ్చే సిలికా పొట్లంతో పాటు బిగుతు మూత డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచుకోవచ్చు.

"గింజ వచ్చింది, మొలక రాలేదు"

తొందరపడి కోసి ఉంటారు. మేలో అద్దిన కాయ అక్టోబరు, నవంబరుకు గాని గోధుమ రంగుకు తిరగదు. కాయ చిన్న కుండలా ఉంటుంది, పైన కీలాలు కొమ్ముల్లా మిగులుతాయి. ఆ కొమ్ముల నడుమ రంధ్రం తెరుచుకున్నాకే కోయాలి. తెల్ల కాగితం మీద బోర్లించి తడితే నశ్యం రాలినట్టు రాలుతుంది. చోడి గింజ దీని పక్కన కొబ్బరికాయ. ఆ గదిలో ఫ్యాను ఆపండి. నేను ఒక ఏడాది శ్రమ అలాగే ఎగరగొట్టుకున్నాను.

ఈ గింజకు వెలుతురు కావాలి. మట్టి కప్పితే మొలవదు. జల్లించిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) తడిపి, పైన చల్లి, అరచేత్తో మెల్లగా అదిమి, మూతకు గాజు పలక పెట్టండి. 20 నుంచి 24 డిగ్రీల వేడిలో రెండు మూడు వారాల్లో పచ్చని చుక్కలు కనబడతాయి. మా దగ్గర డిసెంబరు రాత్రుల్లో ఆ వేడి ఉండదు కాబట్టి ఫిబ్రవరి దాకా గింజను పొడిగా దాచి అప్పుడు చల్లుతాను. నీళ్లు పైనుంచి పోయకండి, పళ్లెంలో పోసి కింద నుంచి పీల్చనివ్వండి. మొలకలు మొదలు దగ్గర నల్లబడి వాలిపోతే నారుకుళ్లు: గాజు పలక తీసి గాలి తగలనిచ్చి, తడి తగ్గించి, పడినవాటిని చుట్టూ ఉన్న పీట్‌తో సహా ఎత్తి పారేయండి. తర్వాత మందు కొట్టడం కంటే ముందే పల్చగా చల్లడం మేలు.

"తల్లి గుత్తి, తండ్రి ముద్ద, పిల్లలన్నీ మామూలు పళ్లెమే"

సంకరం విఫలమైందని మొక్కలు పీకేస్తారు ఇక్కడే. నిజానికి అది సరిగ్గా జరిగిందనడానికి ఇదే సాక్ష్యం. పళ్లెం లక్షణం బహిర్గతం, అంటే తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా పైకి కనబడుతుంది. గుత్తి లక్షణం అంతర్గతం, ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడుతుంది. రేక పువ్వు బహిర్గతం, ముద్ద అంతర్గతం. రేక గుత్తినీ ముద్ద పళ్లెం రకాన్నీ కలిపితే మొదటి తరమంతా రేక పళ్లెంగానే రావచ్చు. మీరు కోరుకున్న ముద్ద గుత్తి వాటి లోపల దాక్కుని ఉంది.

దాన్ని బయటకు తీయాలంటే రెండో తరం కావాలి. సొంత పుప్పొడి పట్టదు కాబట్టి ఒకే జంటకు పుట్టిన ఇద్దరు తోబుట్టువులను కలపాలి. అప్పుడు సగటున 16 మొక్కల్లో ఒకటి ముద్ద గుత్తి అవుతుంది. సగటు అన్నాను, 16 పెంచితే ఒకటి ఖాయమని కాదు. నూటికి 95 పాళ్లు నమ్మకంగా ఒకటైనా దొరకాలంటే 47 మొక్కలు పెంచాలి. గుత్తి ఒక్కటే చాలనుకుంటే 11 చాలు. చోటు లేదని పది మొక్కలు పెట్టుకుని అదృష్టాన్ని తిట్టుకునేవారు ఈ లెక్క ఒకసారి చూడాలి. మొదటి తరాన్ని మళ్లీ ఆ గుత్తి తల్లితోనే కలిపితే గుత్తులు సగం వస్తాయి, ముద్ద ఒక్కటీ రాదు.

ఒక చిక్కు. జపాను ముద్ద రకాల్లో పేరున్నవి సుమిదా నో హనాబి, జోగసాకి. రెండింటిలో ముద్దతనం అంతర్గతమే, కానీ వేర్వేరు జన్యువుల వల్ల వచ్చింది. ముద్దా ముద్దా కలిస్తే ముద్దే కదా అని ఈ రెండింటినీ జత చేస్తే రేక పూలు వస్తాయి. ఏ ముద్దతో మొదలుపెట్టారో చీటీ మీద రాసుకోండి. చీటీ పెన్సిలుతో రాయండి. పెన్ను రాత మన వానకు ఒక నెల కూడా నిలవదు.

"నీలం కావాలని చేస్తే మాసిన గులాబీ వచ్చింది"

నా మొదటి జట్టు నారు పూసినప్పుడు సగం మొక్కలు బూడిద కలిసిన గులాబీ రంగులో వచ్చాయి. విసుగెత్తి వాటిని కంచె అవతల పడేశాను. పక్కింటి పిన్నిగారు ఒకటి తీసుకెళ్లి ఇంటి చూరు నీళ్లు పడేచోట నాటుకున్నారు. మరుసటి ఏడాది పిలిచి చూపించారు: "నువ్వు పారేసిన మొక్కే బాబూ." శంఖుపువ్వంత నీలం.

నీలమైనా గులాబీ అయినా లోపలి రంగు పదార్థం ఒక్కటే, డెల్ఫినిడిన్ తరగతి ఆంథోసయనిన్. దానికి అల్యూమినియం, పువ్వులోనే ఉండే తోడు పదార్థాలు జత కూడితే నీలం. అల్యూమినియం అందకపోతే గులాబీ. మరి మాకు అల్యూమినియానికి కరువా? దమన్‌జోడి పక్కన పంచపట్మాలి కొండ నిండా బాక్సైటే. కానీ మట్టిలో ఉండటం వేరు, వేరుకు అందడం వేరు. మట్టి పులుపును కొలిచే పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ పులుపెక్కువ) 5 నుంచి 5.5 మధ్య ఉంటేనే అది కరిగి వేరుకు చేరుతుంది, 6.5 దాటితే బిగుసుకుపోతుంది. మా ఎర్రమట్టి సహజంగా పుల్లనిదే. దాన్ని చెడగొట్టింది నేను పోసిన బోరు నీళ్లు. ఆ నీళ్లు కాచిన గిన్నెలో తెల్లని చారిక కడుతుంది. అదే సున్నం కుండీలోనూ పేరుకుంది. పైగా మొగ్గ కోసమని డీఏపీ అనే భాస్వరం ఎరువు వేశాను. భాస్వరం అల్యూమినియాన్ని పట్టి బంధిస్తుంది. రెండూ నా చేతి పనులే, నింద మొక్క మీద పడింది.

సరిచేయడం సులువే. వాన నీళ్లు పట్టి పోయండి. డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ మానేయండి. మట్టి పీహెచ్ కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించుకోండి. అయినా నీలం తిరగకపోతే 5 లీటర్ల నీటికి 15 గ్రాముల పటిక కరిగించి, మొగ్గ తొడిగే ముందు నుంచి రెండు వారాలకోసారి తడి మట్టికి పోయండి. పొడి మట్టికి పోస్తే వేరు మాడుతుంది, లేత నారుకు అసలు వద్దు. లేత ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నా దోషి ఆ నీళ్లే కావచ్చు. అది ఇనుము అందని లక్షణం.

కొత్త రకం ఎంచుకునేవారికి మరో మాట. ఒకే మొక్క కొమ్మలు రెండు కుండీల్లో పెంచండి, ఒకటి పుల్లని మట్టిలో, ఒకటి పుల్లదనం లేని మట్టిలో. రెండు పూలనూ పక్కపక్కన పెట్టి చూశాకే ఉంచాలో తీసేయాలో తేల్చుకోండి. తెల్ల రకాలు ఏ మట్టిలోనైనా తెల్లగానే ఉంటాయి. ఆమధ్య ఒక వ్యాపారి నుంచి "శాశ్వత నీలం" అని కొన్న మొక్క మా బోరు నీళ్లకు ఒక్క ఏడాదిలో గులాబీ అయింది. తప్పు మొక్కది కాదు, ఆ పేరుది.

"మూడేళ్లయినా పూయలేదు"

గింజ మొక్కకు రెండు మూడేళ్లు మామూలే. అది దాటితే కత్తెర ఎప్పుడు పట్టారో గుర్తు చేసుకోండి. చాలా రకాల్లో వచ్చే వేసవి మొగ్గ ఈ ఏడాది కొమ్మ మీదే, రాత్రులు 18 డిగ్రీల కిందికి దిగాక ఏర్పడుతుంది. దీపావళికి తోట శుభ్రం చేస్తూ తలలు కత్తిరిస్తే పూలన్నీ చెత్తకుప్పలోకి పోయినట్టే. కత్తిరింపు పూత అయిన వెంటనే, ఆగస్టు మొదటికల్లా ముగించండి.

బరంపురంలో చలి రాత్రులు తక్కువ, కాబట్టి అక్కడ పూత పల్చబడుతుంది. దానికి మందు లేదు, కానీ అవకాశం ఉంది. మీ నారులో ఒక్క మొక్క ఆ ఉక్కలోనే గుత్తి వేసిందంటే, రంగు ఎలా ఉన్నా దాన్ని వదలకండి. నీలం హైడ్రాంజియాలు ప్రపంచంలో కావలసినన్ని ఉన్నాయి. బరంపురంలో నిండుగా పూసేది మన దగ్గర లేదు.

"కొమ్మ నాటితే పువ్వు మారింది"

ముందు పైన చెప్పిన నీళ్ల సంగతి చూడండి. అది కాదని తేలితే, మొక్కలో ఒక్క కొమ్మే మారి ఉండవచ్చు. ఏ కొమ్మ నుంచి తీశారో ఆ కొమ్మకు దారం కట్టుకోండి. కొమ్మ నుంచి కొమ్మగా మూడు విడతలు పెంచి, మూడింటా అదే పువ్వు వచ్చాకే దానికి పేరు పెడతాను.

కొత్త రకం మీద హక్కుకు చట్టరక్షణ కోరే ఉద్దేశం ఉంటే అమ్మకానికి తొందర వద్దు. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం కొత్త రకం మిగతావాటి కంటే భిన్నంగా, ఏకరీతిగా, స్థిరంగా ఉండాలి. దరఖాస్తుకు ఏడాది కంటే ముందు మన దేశంలో అమ్మి ఉండకూడదు. కుందులి సంతలో ఎవరో ముచ్చటపడ్డారని ఒక కుండీ ఇచ్చి డబ్బు తీసుకున్నా గడియారం మొదలైనట్టే. నేను ఆ కుండీలను సంతకు తీసుకెళ్లడమే మానేశాను. పిన్నిగారి చూరు కిందే ఉన్నాయి, ఒక్కోదానికి రెండేసి చీటీలతో.