ఒక్క కీ పడట్లేదా? పీసీబీ కొనకముందు పిన్ను చూడండి

నేను కట్టుకున్న మొదటి మెకానికల్ కీబోర్డులో ‘ఆర్’ కీ పడలేదు. పీసీబీయే, అంటే కీల కింద ఉండే సర్క్యూట్ బోర్డే పోయిందనుకుని, సెలవు పెట్టి తిరుపతి నుంచి బస్సెక్కి చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌కు పోయాను. కౌంటర్లో కుర్రాడు ఆ కీ కింది స్విచ్ ఊడదీసి, పిన్ను సరిచేసి, మళ్ళీ పెట్టి ఇచ్చాడు. డబ్బులు కూడా అడగలేదు.

ఒక్క కీ మాత్రమే పడట్లేదు

హాట్‌స్వాప్ బోర్డుల్లో, అంటే సోల్డరింగ్ లేకుండా స్విచ్‌ను లాగి మార్చుకోగలిగేవాటిలో, ముందు అనుమానించాల్సింది వంగిన పిన్నునే. స్విచ్ అడుగున రెండు సన్నటి లోహపు పిన్నులుంటాయి. స్విచ్‌ను వంకరగా దించితే ఒకటి మడతపడి అడుగుకు అతుక్కుపోతుంది. పైనుంచి చూస్తే స్విచ్ బుద్ధిగా కూర్చున్నట్టే కనిపిస్తుంది.

కేబుల్ తీసేసి స్విచ్‌ను పుల్లర్‌తో లాగండి. పిన్నును ట్వీజర్‌తో నెమ్మదిగా నిలబెట్టండి. పదేపదే వంచితే విరుగుతుంది. తిరిగి పెట్టేటప్పుడు పీసీబీ కింద, సరిగ్గా ఆ పిన్నులు దిగే సాకెట్ దగ్గర వేలు ఆనించి నొక్కండి. సాకెట్‌ను పట్టుకుని ఉండేది రెండు సోల్డర్ చుక్కలే, పైనుంచి బలంగా గుద్దితే ఊడి వస్తుంది.

పిన్ను బాగానే ఉందా? పక్క కీ స్విచ్ తెచ్చి ఇక్కడ పెట్టండి. పనిచేస్తే పాత స్విచ్‌దే తప్పు. అయినా పడకపోతే స్విచ్ తీసేసి, కేబుల్ పెట్టి, సాకెట్ రెండు రంధ్రాలను ట్వీజర్‌తో కలపండి. యూఎస్‌బీలో వచ్చేది 5 వోల్టులే, షాక్ భయం లేదు. అక్షరం పడితే సాకెట్ వదులైంది. పడకపోతే సోల్డరింగ్ మళ్ళీ చేయించాలి. ఈ పని మొబైల్ రిపేర్ చేసేవాళ్ళెవరైనా చేస్తారు.

స్విచ్ అసలు దిగకపోతే అది 5 పిన్నులది, మీ బోర్డు 3 పిన్నులది అయ్యుండొచ్చు (ఈ లెక్కలో ప్లాస్టిక్ కాళ్ళూ కలుస్తాయి). పక్కనున్న రెండు ప్లాస్టిక్ కాళ్ళను గోళ్ళు కత్తిరించేదానితో తీసేయండి చాలు.

వరస మొత్తం చచ్చింది

స్విచ్‌లు మార్చి లాభం లేదు. ఆ వరస కంట్రోలర్‌కు చేరే దారి ఎక్కడో తెగింది. చేత్తో వైరింగ్ చేసుకున్నవాళ్ళు ముందు అక్కడి అతుకు చూడండి.

బోర్డు అసలు కనెక్టే కావట్లేదు

కేబుల్ మార్చండి. ఫోన్ చార్జర్‌తో వచ్చే కొన్ని కేబుళ్ళలో డేటా తీగలుండవు. లైట్లు వెలుగుతాయి గానీ కంప్యూటర్ గుర్తుపట్టదు.

ఒకసారి నొక్కితే రెండు పడుతున్నాయి

స్విచ్ లోపలి కాంటాక్ట్ వణుకుతోంది. ఆ స్విచ్ మార్చడమే తేలిక. చాలా కీలు ఇలాగే ఉంటే డీబౌన్స్, అంటే ఆ వణుకును పట్టించుకోకుండా ఆగే సమయం, పెంచాలి. క్యూఎంకే ఫర్మ్‌వేర్‌లో (బోర్డును నడిపే ప్రోగ్రాం) అది మామూలుగా 5 మిల్లీసెకన్లు. 10కి పెంచి ఫర్మ్‌వేర్ మళ్ళీ ఎక్కించండి.

స్పేస్ బార్ గలగల

పొడవు కీని రెండు పక్కలా సమంగా దించే స్టెబిలైజర్ తీగ వంకర వల్లో, పొడిగా ఉండటం వల్లో వచ్చే చప్పుడిది. తీగను అద్దం మీద పెట్టి చూడండి. ఒక మూల లేస్తే చేత్తో సరిచేసి, చివరలకు డైఎలక్ట్రిక్ సిలికాన్ గ్రీజు రాయండి. కొబ్బరి నూనె, కుట్టు మిషన్ నూనె వద్దు. వాజెలిన్ కూడా వద్దు, మన మే నెల ఎండకు కరిగి కిందికి కారుతుంది.

తెలుగులో ‘ొ’ రావట్లేదు

ఇది బోర్డు రోగం కాదు గానీ, నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్‌లో ‘ొ’ ఉండేది అంకె 1కి ఎడమ పక్క కీ మీద. షిఫ్ట్‌తో అదే ‘ఒ’. 61 కీల చిన్న బోర్డుల్లో ఆ చోట ఎస్కేప్ కూర్చుంటుంది. దాంతో ‘కొండ’ కొట్టాలంటే ‘కండ’ పడుతుంది! చాలా బోర్డుల్లో ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి నొక్కితే వస్తుంది గానీ ప్రతి ‘కొ’కీ అంత కసరత్తు ఎవరు చేస్తారు? మీ బోర్డు వయాలో (కీల పని మార్చుకునే యాప్) తెరుచుకుంటే క్యాప్స్ లాక్ చోట బ్యాక్‌టిక్, అంటే ఆ 1 పక్క కీ, పెట్టేయండి. తెలుగు టైపింగ్‌లో క్యాప్స్ లాక్‌తో మనకు పనేముంది?