టూ స్ట్రోక్ జెట్ స్కీకి స్పార్క్ ప్లగ్: నంబర్‌లో ప్రతి అక్షరమూ చూడండి

ఎన్‌జీకే కంపెనీ ప్లగ్ నంబర్ బీఆర్8ఈఎస్‌లో 8 అంటే హీట్ రేంజ్, అంటే ప్లగ్ వేడిని ఎంత త్వరగా వదిలేస్తుందో చెప్పే అంకె. ఎన్‌జీకేలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లన. ఛాంపియన్, బాష్‌లలో దీనికి తలకిందులు. అందుకే కంపెనీ మారిస్తే అంకెలు పోల్చకండి, మాన్యువల్ చెప్పిన నంబరే కొనండి. ఫుల్ థ్రాటిల్‌లో ఎక్కువసేపు నడిచే బండికి వేడి ప్లగ్ వేస్తే స్పార్క్ రాకముందే మంట అంటుకుని పిస్టన్‌కు చిల్లు పడుతుంది. మరీ చల్లనిదైతే ఆయిల్ మసి పట్టి స్టార్టింగ్ మొరాయిస్తుంది. ఆ నష్టం చిన్నదే, ప్లగ్ మారిస్తే చాలు.

నంబర్‌లో ఆర్ అంటే రెసిస్టర్, స్పార్క్ వల్ల వచ్చే విద్యుత్ అలజడిని తగ్గించే భాగం. అది లేని ప్లగ్ వేస్తే ఇగ్నిషన్ ఎలక్ట్రానిక్స్‌కు అంతరాయం. పైన టెర్మినల్ నట్ విప్పలేని రకమే మేలు, విప్పదీసే నట్ అదురుకు వదులవుతుంది.

గ్యాప్, అంటే స్పార్క్ దూకే సందు, మోడల్‌ని బట్టి ఉంటుంది, కొత్త ప్లగ్‌నైనా ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకులు) కొలవండి. ఇంజన్ చల్లారాకే ప్లగ్ బిగించండి, ముందు చేత్తో మరలు ఎక్కించండి. వాషర్ ఆనాక కొత్తదైతే అర చుట్టు బిగించండి.